శుశ్రూష: వినికిడికీ విధేయతకూ మధ్య
నర్సింగ్ పాఠ్యప్రణాళికలో సంరక్షణ సిద్ధాంతం – మందమర్రి గని ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

నర్సింగ్ విద్యకు సంరక్షణ సిద్ధాంతమే పునాది కావాలన్న వాదానికి దాదాపు అర్ధశతాబ్ది చరిత్ర ఉంది. ఆ సిద్ధాంతాన్ని మందమర్రి వంటి బొగ్గుగని ప్రాంతానికి అన్వయించినప్పుడు తలెత్తే నైతిక ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'శుశ్రూష' అనే పదం వినాలనే కోరికగా పుట్టి, విధేయమైన సేవగా స్థిరపడింది. పాఠ్యప్రణాళిక ఈ రెండింటిలో దేనిని బోధిస్తున్నదన్నది ఇక్కడి ప్రశ్న. రోగి మాటకూ విద్యార్థిని మాటకూ చోటు లేని ప్రణాళికలో సంరక్షణ సిద్ధాంతం విధేయతా శిక్షణగానే మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శుశ్రూష, సంరక్షణ నీతి, నర్సింగ్ విద్య, పాఠ్యప్రణాళిక, గని కార్మికుల ఆరోగ్యం, మాండలికం.

1. ఉపోద్ఘాతం

నర్సింగ్ విద్య తెలుగు శాఖల పరిశోధన పరిధిలోకి సాధారణంగా రాదు. అది వైద్య విజ్ఞానానికి, విద్యాశాస్త్రానికి చెందిన విషయమని భావిస్తాం. అయితే నర్సు చేసే పనిలో అధిక భాగం మాటలతో ముడిపడి ఉన్నది. రోగి చెప్పినది వినడం, విన్నదాన్ని రాయడం, రాసినదాన్ని వైద్యునికి నివేదించడం, వైద్యుడు చెప్పినదాన్ని రోగికి అర్థమయ్యేలా తిరిగి చెప్పడం ఆమె దినచర్య. ఈ నాలుగు దశల్లోనూ భాష మారుతుంది. మారిన ప్రతిచోటా ఎంతో కొంత అర్థం జారిపోతుంది. జారిపోయిన అర్థం కొన్ని సందర్భాలలో ప్రాణానికి సంబంధించినది కావచ్చు. అందువల్ల నర్సింగ్ పాఠ్యప్రణాళికను గురించిన నైతిక చర్చలో భాషాధ్యయనానికీ ఒక పాత్ర ఉన్నది.

భారత నర్సింగ్ మండలి 2021లో బి.ఎస్సి. నర్సింగ్ పాఠ్యప్రణాళికను సెమిస్టరు పద్ధతిలోకి సవరించింది. నాలుగేళ్ల చదువు, ఎనిమిది సెమిస్టర్లు, చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్. వృత్తి విలువలు, నీతి, జీవనీతి అనే అంశాలకు నాలుగో సెమిస్టరులో ఒక క్రెడిట్, అంటే ఇరవై గంటల బోధన, కేటాయించారు. మొదటి సెమిస్టరులో ఆంగ్ల భావవ్యక్తీకరణ ఒక పాఠ్యాంశం. ఈ వివరాలను ఆ ప్రణాళికను తప్పుపట్టడానికి పేర్కొనడం లేదు. విలువలకు ఒక చోటు ఇవ్వడం ముందడుగే. అయితే సంరక్షణ అనేది ఇరవై గంటలలో బోధించి ముగించదగిన ఒక అంశమా, లేక అన్ని అంశాలనూ బోధించే తీరులోనే ఉండవలసిన గుణమా అన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది.

2. 'శుశ్రూష' – పద చరిత్రలోని రెండు దారులు

'చికిత్స', 'శుశ్రూష' రెండూ వ్యాకరణరీత్యా సన్నంత రూపాలు. మొదటిది 'కిత్' ధాతువు నుంచి, రెండవది 'శ్రు' ధాతువు నుంచి ఏర్పడ్డాయి. 'చికిత్స'లోని ప్రత్యయానికి కోరిక అనే అర్థం లేదు. అది రోగప్రతీకారం అనే అర్థంలోనే రూఢమైంది. 'శుశ్రూష'లో మాత్రం ఇచ్ఛార్థం స్పష్టంగా ఉన్నది. వినాలనే కోరిక దాని మూలార్థం. రోగి పక్కన చేసే పనికి మన భాష వాడుతున్న పదం, చేతిపనిని గాక చెవిని ముందుగా సూచిస్తున్నదన్నమాట.

ఈ మూలార్థం సంప్రదాయంలో రెండు వేర్వేరు దారులు తీసింది. మొదటిది జ్ఞానమార్గం. కౌటిల్యుడు, కామందకుడు మొదలైనవారు చెప్పిన బుద్ధిగుణాలలో శుశ్రూష మొట్టమొదటిది. ఆ తరువాతనే శ్రవణం, గ్రహణం, ధారణం, ఊహ, అపోహ, తత్త్వజ్ఞానం మొదలైనవి వస్తాయి. వినాలనే కోరిక లేనిదే వినికిడి లేదు; వినికిడి లేనిదే గ్రహింపు, తర్కం, నిర్ణయం లేవు. ఇక్కడ శుశ్రూష మేధకు తొలిమెట్టు.

రెండవది విధేయతా మార్గం. గురువు మాట వినే శిష్యుడు, భర్త మాట వినే భార్య, పై వర్ణాల మాట వినే శూద్రుడు అనే వరుసలో 'వినడం' కాస్తా 'మాట వినడం'గా మారింది. మనుస్మృతి శూద్రునికి విధించిన ఏకైక కర్మ పేరు కూడా శుశ్రూషే. నర్సు వృత్తికి మనం వాడే మరొక పదం 'పరిచర్య'. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో శూద్రుని స్వభావజమైన కర్మకు వాడినది ఆ పదమే. తెలుగులో 'వినడం' అనే క్రియ కూడా ఈ రెండర్థాలనూ మోస్తున్నది. 'ఆమె నా మాట విన్నది' అన్న వాక్యానికి శ్రద్ధగా ఆలకించిందనీ, చెప్పినట్టు చేసిందనీ రెండు అర్థాలు వస్తాయి.

చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం వైద్యానికి నాలుగు పాదాలు చెప్తుంది: భిషక్కు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత, అంటే దగ్గరుండి ఉపచారం చేసే వ్యక్తి, కలిగి ఉండవలసిన గుణాలు ఉపచారజ్ఞానం, దక్షత, అనురాగం, శుచిత్వం. రోగికి ఉండవలసిన గుణాలలో తన రోగాన్ని తెలియజెప్పగలగడం ఒకటి. చెప్పగల రోగి ఈ పట్టికలో ఉన్నాడు. వినగలగడం మాత్రం ఉపస్థాత గుణాలలో విడిగా చేరలేదు. అయినా జ్ఞానాన్నీ నేర్పునూ అనురాగంతో సమానంగా నిలపడం వల్ల ఈ పట్టిక నేటి చర్చకు అక్కరకు వస్తుంది. ప్రేమ ఉంటే చాలునన్న భావన దీనిలో లేదు.

3. సంరక్షణ సిద్ధాంతం – మూడు పాఠాలు

అమెరికా నర్సింగ్ చింతకురాలు జీన్ వాట్సన్ 1979లో ప్రకటించిన గ్రంథంలో నర్సింగ్‌కు ఆధారమైన పది సంరక్షక అంశాలను నిర్వచించారు. వైద్యం నయం చేసే అంశాలపై నిలుస్తుందనీ, నర్సింగ్ అందుకు భిన్నమైన సొంత పునాదిపై నిలుస్తుందనీ ఆమె వాదం. ఆ పదింటిలో తన పట్లా ఇతరుల పట్లా సున్నితత్వాన్ని పెంచుకోవడం ఒకటి. ఇష్టమైన భావాలతో పాటు అయిష్టమైన భావాలు వ్యక్తమైనా స్వీకరించగలగడం మరొకటి. పదేళ్ల తరువాత, 1989లో, ఎం ఒలీవియా బీవిస్‌తో కలిసి వాట్సన్ ఈ ఆలోచనను నేరుగా పాఠ్యప్రణాళికకు అన్వయించారు. రాల్ఫ్ టైలర్ 1949లో రూపొందించిన లక్ష్యాధారిత నమూనా నర్సింగ్ విద్యపై గట్టి పట్టు సాధించిన కాలమది. ప్రణాళిక అంటే లక్ష్యాల జాబితా గాదనీ, ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ మధ్య జరిగే వ్యవహారమే అసలు ప్రణాళిక అనీ వారు వాదించారు. విద్యార్థిని ఏ తీరున చూడబడుతుందో ఆ తీరునే రోగిని చూడడం నేర్చుకుంటుందన్నది దీని నుంచి మనం తీసుకోదగిన పాఠం.

నెల్ నాడింగ్స్ 1984లో ప్రతిపాదించిన సంరక్షణ నీతిలో రెండు అంశాలు ముఖ్యం. సంరక్షించే వ్యక్తి తన ఆలోచనలను పక్కనబెట్టి ఎదుటివారి స్థితికి పూర్తిగా మనసిస్తుంది. అలా మనసిచ్చినప్పుడు ఆమె శక్తి ఎదుటివారి అవసరం వైపు మళ్లుతుంది. అయినా సంరక్షణ పూర్తయ్యేది దాన్ని పొందినవారు అందుకున్నామని తెలిపినప్పుడే. 'నేను బాగా చూసుకున్నాను' అని చూసుకున్నవారు చెప్పినంత మాత్రాన అది సంరక్షణ కాదు. ఈ షరతు నర్సింగ్ పరీక్షా విధానాన్ని నేరుగా ప్రశ్నిస్తుంది.

జోన్ ట్రాంటో 1993లో ఈ నీతిని రాజకీయ ప్రశ్నగా మార్చారు. సమాజంలో సంరక్షణ భారం ఎవరి మీద పడుతున్నది, ఎవరు దాని నుంచి తప్పించుకోగలుగుతున్నారు అన్నవి ఆమె ప్రశ్నలు. శ్రద్ధ, బాధ్యత, సామర్థ్యం, ప్రతిస్పందన అనే నాలుగింటినీ ఆమె నైతిక గుణాలుగానే గుర్తించారు. చేతగాని దయ నైతికంగా అసంపూర్ణమని దీని తాత్పర్యం. చరకుని పట్టికలోని దక్షతకు ఇది దగ్గరగా ఉన్నది. మనుస్మృతిలోని శుశ్రూషకు మాత్రం ఇది సూటి విమర్శ. ఒక వర్గం వారికి సేవను స్వభావంగా అంటగట్టి, మిగిలినవారు దాని ఫలితాన్ని అనుభవించే ఏర్పాటును ట్రాంటో ప్రశ్నిస్తున్నారు. ఆడపిల్లకు ఓర్పు సహజం, కాబట్టి నర్సింగ్ ఆమెకు తగిన చదువు అనే మాటలోనూ ఆ ఏర్పాటు నీడ కనిపిస్తుంది.

4. మందమర్రి – నయం కాని చోట శుశ్రూష

ఈ సిద్ధాంతాలను పరీక్షించడానికి మందమర్రి తగిన స్థలం. కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో, నేటి మంచిర్యాల జిల్లాలో ఉన్న ఈ పట్టణం సింగరేణి బొగ్గుగనుల ప్రధాన ప్రాంతాలలో ఒకటి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించడంతో మొదలైన చరిత్రలో గోదావరి తీరపు గనులన్నీ తరువాతి అధ్యాయాలు. మందమర్రి ఏరియాలో కళ్యాణిఖని, కాసిపేట భూగర్భ గనులతో పాటు ఓపెన్‌కాస్టు గనులూ తెరుచుకున్నాయి. ఏరియా ఆస్పత్రి రామకృష్ణాపూర్‌లో ఉన్నది. 1990ల ఆరంభంలో లక్షకు పైబడి ఉన్న సంస్థ ఉద్యోగుల సంఖ్య తరువాతి దశాబ్దాలలో సగానికన్నా తక్కువకు తగ్గింది. కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది. శాశ్వత ఉద్యోగి వైద్య హక్కులూ కాంట్రాక్టు కార్మికుని వైద్య హక్కులూ ఒకటి కావు. ఒకే దుమ్ము పీల్చిన ఇద్దరికి ఆస్పత్రి తలుపు ఒకే విధంగా తెరుచుకోదు.

బొగ్గు దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి నిమోకోనియోసిస్. సన్నని ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల లోతట్టు గాలిగదుల్లో చేరి, చుట్టూ ఉన్న కణజాలాన్ని మచ్చకట్టి గట్టిపడేలా చేస్తుంది. గట్టిపడిన భాగం తిరిగి మామూలు కాదు. 1952 గనుల చట్టం వృత్తిజన్య వ్యాధులను అధికారులకు తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది. 1955 గనుల నిబంధనలలో నిర్ణీత కాలానికొకసారి వైద్యపరీక్షలు జరిపే ఏర్పాటు చేరింది. అయినా వ్యాధి ముదిరిన తరువాత వైద్యం చేయగలిగేది ఉపశమనమే. వాట్సన్ చెప్పిన భేదం ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. చికిత్స ఆగిపోయిన చోటే శుశ్రూష ప్రధానమవుతుంది.

ఊహకు ఒక సన్నివేశాన్ని తీసుకుందాం. ఇరవై ఏళ్ల నర్సింగ్ విద్యార్థిని క్లినికల్ పోస్టింగులో భాగంగా వార్డుకు వచ్చింది. మంచం మీద అరవై దాటిన రిటైర్డు కోల్‌ఫిల్లర్. ఆమె చేతిలోని ఫారంలో 'ఆయాసం: ఉంది / లేదు' అని రెండు గడులున్నాయి. ఆమె 'ఉంది' వద్ద గుర్తు పెట్టి ముందుకు వెళ్లవచ్చు. లేదా 'ఏమైతాంది కాకా?' అని అడిగి ఆగవచ్చు. అప్పుడతను 'దమ్ము ఆడుతలేదు బిడ్డా. కూసుంటే జర నయం. పండుకుంటే ఎదమీద బండ పెట్టినట్టయితది' అంటాడు. మొదటి పద్ధతిలో ఒక లక్షణం నమోదయింది. రెండవ పద్ధతిలో ఒక తేడా తెలిసింది. పడుకున్నప్పుడు పెరిగి, కూర్చున్నప్పుడు తగ్గే ఆయాసం గుండె మీద భారం పడుతున్నదనడానికి సూచన కావచ్చు. ఎన్ని దిండ్లు పెట్టుకుంటే నిద్ర పడుతున్నదో అడగడం, కాళ్ల వాపు చూడడం, వైద్యునికి వెంటనే చెప్పడం దాని తరువాతి అడుగులు. శుశ్రూష నుంచి శ్రవణం, గ్రహణం, ఊహ వరకు బుద్ధిగుణాల వరుస ఇక్కడ వార్డు పనిగా కనిపిస్తుంది. వినడం దయాగుణంతో పాటు వృత్తి సామర్థ్యం కూడా అని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

అతని మాటలో మరొక సమాచారమూ ఉన్నది. 'బండ' గని కార్మికునికి అలంకారం గాదు. అతను జీవితమంతా తలమీద చూసుకుంటూ పనిచేసినది దాన్నే. భయాన్ని చెప్పడానికి అతనికి దొరికిన మాట అది. 'దమ్ము', 'రంది', 'పానం', 'నాగా', 'బాయి' వంటి మాటలు ఈ ప్రాంతపు రోగచరిత్రలో అడుగడుగునా వస్తాయి. 'రంది' అన్నప్పుడు దిగులు, బెంగ, లోలోపల కుమిలిపోవడం అన్నీ కలిసి ఉంటాయి. దాన్ని ఒక్క ఆంగ్ల పారిభాషిక పదంగా మార్చి రాయగానే దాని కారణం, అంటే అప్పో, కొడుకు ఉద్యోగమో, బిడ్డ పెళ్లో, కాగితం మీది నుంచి తప్పుకుంటుంది.

ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జిని 1700లో వృత్తివ్యాధులపై వెలువరించిన గ్రంథంలో, రోగిని అడిగే ప్రశ్నలకు 'నీ పని ఏమిటి' అన్నది కూడా చేర్చాలని సూచించాడు. మందమర్రిలో ఈ ప్రశ్నకు 'సింగరేణి' అన్న జవాబు చాలదు. భూగర్భమా, ఉపరితలమా; తట్టాచెమ్మాస్‌తో బొగ్గు నింపాడా, డ్రిల్లు పట్టాడా; ఎన్నేళ్లు; ఏ షిఫ్టు; పర్మినెంటా, కాంట్రాక్టా అన్నవి వరుసగా రావాలి. ఈ ప్రశ్నలు వేయగలగాలంటే విద్యార్థినికి ఆ పనుల పేర్లు తెలియాలి. ఈ బెల్టు నుంచి నర్సింగ్‌కు వెళ్లే అమ్మాయిలలో గని కార్మికుల బిడ్డలూ ఉంటారు. తండ్రి దగ్గును రాత్రిళ్లు విన్న ఆ అమ్మాయికి ఈ పదాలూ, ఆ దగ్గులోని తేడాలూ తెలుసు. పాఠ్యప్రణాళికలో ఆ తెలివికి చోటు లేకపోతే ఆమె నాలుగేళ్లలో 'డిస్ప్నియా' నేర్చుకుని 'దమ్ము'ను మరచిపోతుంది. తనకు తెలిసినది జ్ఞానం కాదని నమ్మడం కూడా ఆ చదువులో భాగంగానే నేర్చుకుంటుంది.

5. కారుణ్యం, అనుమానం

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కును ఇక్కడ చర్చించాలి. ఉమ్మడి హైకోర్టు 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టివేసింది. ఆ తరువాత, అనారోగ్యం వల్ల పనికి అనర్హుడని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుని వారసులకు కారుణ్య నియామకాల రూపంలో ఉద్యోగాలు లభిస్తున్నాయి. కార్మిక కుటుంబాలకు ఇది పెద్ద ఆధారం. ఇందులో 'కారుణ్యం' అనే నైతిక పదం ఒక పాలనాపరమైన పదంగా మారింది. దానితో పాటు రోగానికి ఒక ఆర్థిక విలువ ఏర్పడింది. 'అన్‌ఫిట్' అన్న మాట ఒకరి ఆరోగ్యానికి చెడ్డవార్త, అదే ఇంట్లో మరొకరి బతుకుకు మంచివార్త.

ఇటువంటి స్థితిలో రోగి చెప్పే ప్రతి లక్షణం మీదా అనుమానపు నీడ పడుతుంది. నిజంగా దమ్ము ఆడని మనిషి కూడా తన మాటను రుజువు చేసుకోవలసి వస్తుంది. నాడింగ్స్ చెప్పినట్టు ఎదుటివారి స్థితికి పూర్తిగా మనసివ్వడం ఇక్కడ సాధ్యమా? నమ్మితే మోసపోతామేమో, నమ్మకపోతే అన్యాయం చేస్తామేమో అన్న సంకటం ఇది. సంరక్షణ సిద్ధాంతకర్తలు ఎక్కువగా ఊహించిన తల్లీబిడ్డల, గురుశిష్యుల సంబంధాలలో ఈ సంకటం ఇంత తీవ్రంగా ఎదురు కాదు.

వినడం వేరు, తీర్పు చెప్పడం వేరు అన్న వివేకం ఈ సంకటాన్ని కొంతవరకు విప్పుతుంది. అర్హతానర్హతలు తేల్చడం బోర్డు పని. దానికి పరీక్షలు, కొలతలు, నిబంధనలు ఉన్నాయి. నర్సు పని రోగి చెప్పినదాన్ని అతని మాటల్లో, తన చూపుకు కనిపించినదాన్ని తన మాటల్లో, రెండింటినీ కలపకుండా నమోదు చేయడం. ఆమె విన్నంత మాత్రాన ధ్రువీకరించినట్టు కాదు. అనుమానించవలసిన బాధ్యత ఆమె మీద లేనందువల్లనే ఆమె పూర్తిగా వినగలదు. అబద్ధమాడుతున్న మనిషికి కూడా ఒక భయమో అవసరమో ఉంటుంది. అది కూడా వినదగినదే. ఈ వివేకాన్ని బోధించని ప్రణాళికలో విద్యార్థిని రెండు తప్పుల్లో ఒకటి చేస్తుంది: బోర్డులా అనుమానిస్తుంది, లేదా బంధువులా పక్షం వహిస్తుంది.

6. పాఠ్యప్రణాళికలో అన్వయం

పై చర్చ ఆధారంగా కొన్ని ప్రతిపాదనలు చేయవచ్చు.

మొదటిది నమోదుకు సంబంధించినది. నర్సింగ్ ప్రక్రియలో రోగి స్వయంగా చెప్పిన సమాచారాన్ని విడిగా రాసే సంప్రదాయం ఇప్పటికే ఉన్నది. ఆ గడిలో కనీసం ఒక వాక్యాన్ని రోగి పలికిన భాషలో, తెలుగు లిపిలో, యథాతథంగా రాయడం శిక్షణలో తప్పనిసరి చేయవచ్చు. పక్కనే దాని వైద్య పారిభాషిక రూపం రాయాలి. రెంటి మధ్య ఏమి మిగిలిపోయిందో తరగతిలో చర్చించాలి. దీనికి అదనపు గంటలు అవసరం లేదు.

రెండవది మూల్యాంకనానికి సంబంధించినది. నేటి ప్రాయోగిక పరీక్షల్లో విద్యార్థిని పనిని దశలవారీ జాబితాతో కొలుస్తారు. నమస్కరించిందా, తన పేరు చెప్పిందా, అనుమతి అడిగిందా అన్న అంశాలకు మార్కులుంటాయి. ఇవి అవసరమైన మర్యాదలే. కానీ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థిని వీటిని అభినయంగా నేర్చుకునే ప్రమాదమున్నది. జీతం కోసం ప్రదర్శించవలసిన భావాల గురించి ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమానయాన పరిచారికల ఉదాహరణతో హెచ్చరించారు. మనసులోని ఆదరణకు మార్కులు వేయలేం. వేయడానికి ప్రయత్నించకూడదు కూడా. కొలవదగినది విన్నదాని ఫలితం. రోగి చెప్పిన ఏ మాట వల్ల సంరక్షణ పథకంలో ఏ మార్పు జరిగింది, దాన్ని రోగికి తిరిగి చెప్పి సరిచూసుకున్నదా అన్నవి అడగవచ్చు. నాడింగ్స్ చెప్పిన ప్రతిస్పందన షరతును పరీక్షా విధానంలోకి తేవడానికి ఇది ఒక మార్గం.

మూడవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, విద్యార్థిని మాట. సవరించిన ప్రణాళిక లెక్క ప్రకారం సిద్ధాంత బోధనలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట. క్లినికల్ శిక్షణలో ఒక క్రెడిట్ అంటే వారానికి నాలుగు గంటలు. నర్సు అసలు చదువు వార్డులోనే జరుగుతుందని ఈ లెక్కే చెప్తున్నది. అక్కడ ఆమె సీనియర్ల కసురు, రోగి బంధువుల కోపం, తొలిసారి చూసిన మరణం, రాత్రి డ్యూటీ భయం అన్నీ ఎదుర్కొంటుంది. వీటిని చెప్పుకునే చోటు ఎక్కడ? 'ఓర్చుకోవాలి, ఇది సేవ' అన్న జవాబే వస్తే ఆమె నేర్చుకునేది శుశ్రూషలోని రెండవ అర్థాన్ని. తన మాట ఎవరూ వినని చోట మాట వినడం మాత్రమే నేర్చుకున్న మనిషి రోగి మాటను వినగలదని ఆశించడం తర్కవిరుద్ధం. క్లినికల్ పని ముగిశాక జరిగే చర్చలో కొంత సమయాన్ని విద్యార్థినులు తమ అనుభవాన్ని నిర్భయంగా చెప్పుకోవడానికి కేటాయించాలి. అక్కడ చెప్పినది వారి అంతర్గత మార్కులకు అడ్డు కాకూడదన్న నియమం స్పష్టంగా ఉండాలి. పై అధికారి ఆదేశంలో పొరపాటు కనిపించినప్పుడు దాన్ని గౌరవంగా, గట్టిగా ఎత్తిచూపడం కూడా నైపుణ్యంగా బోధించాలి. అయిష్టమైన భావాలనూ స్వీకరించాలన్న వాట్సన్ అంశం రోగికే గాక విద్యార్థినికీ వర్తించినప్పుడే అది సిద్ధాంతమవుతుంది.

నాలుగవది తెలుగు శాఖల పాత్ర. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. అదే పద్ధతిలో రోగలక్షణాలు, శరీరభాగాలు, నొప్పి రకాలు, దిగులు తీరులను తెలిపే మాండలిక పదకోశాన్ని గని ప్రాంతం నుంచి మొదలుపెట్టి సేకరించవచ్చు. నర్సింగ్ విద్యార్థినులే క్షేత్రసేకర్తలు కావచ్చు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి రచయితలు ఈ ప్రాంత కార్మిక జీవితాన్ని కథావస్తువుగా స్వీకరించారు. అటువంటి కథలను నర్సింగ్ తరగతిలో చదివించడం వల్ల విద్యార్థిని రోగిని వ్యాధి పేరుతో గాక జీవితచరిత్రతో చూడడం అలవాటు చేసుకుంటుంది. ఇది సాహిత్యాన్ని ఔషధంగా వాడడం కాదు. ఒక మనిషి చెప్పే కథను మధ్యలో తెంచకుండా వినడానికి ఇచ్చే శిక్షణ.

7. ఆక్షేపాలు – సమాధానాలు

సంరక్షణ స్వభావసిద్ధమైనదనీ, దాన్ని బోధించలేమనీ ఒక ఆక్షేపం ఉన్నది. స్వభావాన్ని బోధించలేమన్న మాట నిజమే కావచ్చు. అయితే స్వభావసిద్ధమైన ఆదరణ కూడా కసురు, అలసట, భయం వల్ల అణగిపోతుంది. దాన్ని అణచకుండా ఉండడం ప్రణాళిక చేతిలోని పనే.

రద్దీగా ఉన్న వార్డులో ఇలా వినడానికి సమయమెక్కడిదన్నది రెండవ ఆక్షేపం. ఇది న్యాయమైనది. ఒక్క నర్సు చేతిలో మోయలేనంత మంది రోగులను పెట్టి ఆమెను ఆదరణతో ఉండమనడం ఆమెకూ రోగులకూ అన్యాయం. సంరక్షణ సిద్ధాంతాన్ని పాఠంగా చెప్పే సంస్థ నర్సుల సంఖ్య గురించి మాట్లాడకపోతే ఆ పాఠం విధేయతా పాఠమే. అయినా, సన్నివేశంలో చూసినట్టు, సరిగా అడిగిన ఒక్క ప్రశ్న అరగంట జాప్యాన్ని నివారించగలదు. వినడం ప్రతిసారీ కాలవ్యయం కాదు.

మూడవ ఆక్షేపం లోతైనది. దుమ్ము పుట్టే చోట నీళ్లు చిమ్మి అణచడం, తడి డ్రిల్లింగ్, గాలి ప్రసారం, క్రమమైన పరీక్షలు వంటి నివారణ చర్యలు న్యాయానికి సంబంధించినవి. నర్సు ఆదరణ వాటికి బదులు కాలేదు. ఈ ఆక్షేపాన్ని పూర్తిగా అంగీకరించాలి. సంరక్షణ న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు. కానీ న్యాయానికి సాక్ష్యం కావాలి. ఏ పని చేసినవారు, ఎన్నేళ్లకు, ఏ మాటలతో దమ్ము గురించి చెప్పుకున్నారన్న నమోదు జాగ్రత్తగా జరిగితే అది నివారణకు ఆధారమవుతుంది. వార్డులో వినబడినది గని దాకా చేరే దారి ఆ కాగితమే.

8. ముగింపు

సంరక్షణ సిద్ధాంతాన్ని నర్సింగ్ పాఠ్యప్రణాళికకు అన్వయించడమంటే విలువల జాబితాకు మరొక విలువను చేర్చడం కాదని ఈ పరిశీలన తెలుపుతున్నది. ఎవరి మాట ఎవరు వింటున్నారన్న ప్రశ్నను ప్రణాళికలోని ప్రతి దశలోనూ అడగడమే దాని సారం. 'శుశ్రూష' పదంలోని మొదటి అర్థం జ్ఞానానికి ద్వారం. రెండవ అర్థం వర్ణ, లింగ వ్యవస్థలు మోపిన బరువు. నేటి విద్య మొదటిదాన్ని బోధిస్తున్నానని ప్రకటిస్తూ రెండవదాన్ని సాధన చేయించే అవకాశమున్నది. రోగి వాక్యాన్ని అతని మాటల్లో రాయడం, విన్నదాని ఫలితాన్ని కొలవడం, విద్యార్థిని మాటకు రక్షణ కల్పించడం ఆ ప్రమాదాన్ని తగ్గించే ఏర్పాట్లు.

మందమర్రిలో ఒక కోల్‌ఫిల్లర్ 'దమ్ము ఆడుతలేదు బిడ్డా' అన్నప్పుడు ఆ మాటను అందుకోవలసిన అమ్మాయికి, తన మాటను అందుకునే వారొకరు అంతకుముందే ఉండి ఉండాలి. నర్సింగ్ విద్యలో సంరక్షణ సిద్ధాంతం నిలబడేదీ, పడిపోయేదీ అక్కడే.